కరెంటు సిట్టింగులు అయిపోవస్తున్నాయి, చంకలో చర్మం మండుతోంది: ఏం పూయాలి, ఏం పూయకూడదు?

ప్రశ్న: మా అమ్మకు 57 ఏళ్ళు. రొమ్ము కాన్సర్, ట్రిపుల్ నెగటివ్ రకం అన్నారు. ముందు కీమో ఇచ్చి, తర్వాత ఆపరేషన్ చేసి కుడి రొమ్మును, చంకలోని గ్రంథులను తీసేశారు. ఇప్పుడు గుంటూరులో బంధువుల ఇంట్లో ఉండి కరెంటు (రేడియేషన్) పెట్టించుకుంటున్నాం. మొత్తం 15 సిట్టింగులు, 11 అయ్యాయి. ఛాతీ మీద చర్మం నల్లబడింది, దురద పెడుతోంది. చంకలో రెండు రోజులుగా మంట. కిరణాలు ఎక్కడ పెట్టాలో గుర్తుగా చర్మం మీద గీసిన గీతలు చెరిగిపోతాయన్న భయంతో మొదటి రోజు నుంచీ అక్కడ నీళ్ళు తగలనివ్వలేదు. పక్కింటి పెద్దమ్మ పసుపు, కొబ్బరినూనె కలిపి రాయమంటోంది. మా తమ్ముడు కలబంద తెచ్చాడు. మెడికల్ షాపులో కాలిన గాయాలకు పూసే తెల్ల క్రీము ఇచ్చారు. ఏది వాడాలి? ఇంకో నాలుగు సిట్టింగులేగా, అవి అయిపోతే ఇదంతా తగ్గిపోతుందా? ఆ తర్వాత కేపసిటాబిన్ అనే కీమో మాత్రలు ఇస్తామన్నారు, వాటితో అరచేతులు, అరికాళ్ళు ఊడిపోతాయట, నిజమేనా?

సమాధానం: సిట్టింగులు అయిపోతే తగ్గిపోతుందా అన్న మీ ప్రశ్నతోనే మొదలుపెడదాం. మిగతా జాగ్రత్తలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. వెంటనే తగ్గదు. ముందు కొంచెం పెరిగి, తర్వాత తగ్గుతుంది. చర్మం అడుగు పొరలో కొత్త కణాలు పుట్టి, పైకి వచ్చి, పొట్టులా రాలిపోవడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. రేడియేషన్ దెబ్బ తగిలేది ఆ అడుగు పొరకు. పైన ఉన్న పాత కణాలు రోజువారీగా రాలిపోతుంటాయి, కింది నుంచి వాటి స్థానంలోకి రావలసినవి రావు. అందుకే మొదటి వారంలో ఏమీ కనిపించదు. రెండు, మూడు వారాలకు నలుపు, దురద మొదలవుతాయి. చివరి సిట్టింగు తర్వాత వారం నుంచి రెండు వారాల మధ్య బాధ పతాక స్థాయికి చేరుతుంది. ఆ తర్వాత ఎండి, పొట్టు రాలి, ఇంకో రెండు నుంచి నాలుగు వారాల్లో మానుతుంది.

ఇదివరకు 25 సిట్టింగులు, ఐదు వారాలు పెట్టేవారు. చర్మం బాగా చెడేనాటికి రోగి ఇంకా ఆసుపత్రికి వస్తూనే ఉండేది, రోజూ ఎవరో ఒకరు చూసేవారు. ఇప్పుడు చాలా చోట్ల 15 సిట్టింగుల పద్ధతి వచ్చింది. మొత్తం మీద చర్మానికి ఇదే మేలు. కాకపోతే ఆ గడ్డు వారం వచ్చేసరికి మనిషి ఊరికి వెళ్ళిపోయి ఉంటుంది. 'కరెంటు అయిపోయింది' అనుకుని క్రీము మానేసి, గట్టి జాకెట్టు తొడుక్కుని, చుట్టాల ఇళ్ళకు బయల్దేరేదీ అప్పుడే. కాబట్టి ఇప్పుడు చెప్పే జాగ్రత్తలన్నీ 15వ సిట్టింగుతో ఆపకుండా, ఆ తర్వాత కనీసం నాలుగు వారాలు నడపండి. చివరి రోజు ఇంటికి బయల్దేరే ముందే పది రోజుల తర్వాత ఒకసారి చూపించుకునేలా తేదీ తీసుకోండి. దూరమైతే ఫోటో పంపడానికి నంబరు అడగండి.

ఇక స్నానం. అన్ని రోజులు నీళ్ళు తగలకపోవడం చంకకు మంచిది కాదు. చెమట, ఉప్పు, రాలిన పొట్టు, పాత నూనె అన్నీ అక్కడే పేరుకుని మంటను పెంచుతాయి. రేడియేషన్ జరుగుతున్నప్పుడు కడుక్కుంటే చర్మం పాడవుతుందన్నది పాత భయం. గోరువెచ్చని నీళ్ళతో, మెత్తని సబ్బుతో కడుక్కున్నవాళ్ళకు నష్టమేమీ లేదని, దురద తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. నీళ్ళ వేడిని వేళ్ళతో కాకుండా మోచేత్తో చూడండి, వేడిగా అనిపించకూడదు. సబ్బును అరచేతిలో నురగ చేసి ఆ నురగను మాత్రమే చేత్తో అద్దాలి. పీచు, నలుగుపిండి, సున్నిపిండి, ఒళ్ళు రుద్దే రాయి వద్దు. షవరు ధార నేరుగా పడనివ్వకుండా భుజం మీద నుంచి చెంబుతో పోయండి. తర్వాత పాత నూలు పంచె ముక్కతో అద్దాలి, తుడవకూడదు. చంక పూర్తిగా ఆరాకే బట్ట వేయాలి.

గీతల సంగతి. పచ్చబొట్టు చుక్కలు పెట్టి ఉంటే అవి ఎంత కడిగినా పోవు. పెన్నుతో గీసిన గీతలైతే వాటి మీద నీళ్ళు పోసినా రుద్దకండి. పలచబడితే ఆ రోజే టెక్నీషియన్‌కు చెప్పండి, వాళ్ళు మళ్ళీ గీస్తారు. ఇంట్లో మీరు మాత్రం పెన్ను పట్టుకోకండి. అర సెంటీమీటరు జరిగినా తప్పే. గీతల పైన అంటించిన పారదర్శక ప్లాస్టరు ఉంటే పీకకండి, అంచు లేస్తే కత్తిరించి వదిలేయండి.

ఛామనఛాయ, నలుపు చర్మం మీద ఎరుపు స్పష్టంగా కనపడదు. పుస్తకాల్లో ఎర్రబడుతుంది అని రాసి ఉంటుంది కాబట్టి చాలామంది ఎరుపు కోసం చూస్తూ అసలు మార్పును గమనించరు. మన ఒంటి మీద అది ముదురు గోధుమ, బూడిద నలుపుగా కనిపిస్తుంది. చేతి వెనక వైపుతో రెండు వైపులా తాకి చూడండి. కుడి వైపు వేడిగా, బిగుసుకుపోయినట్టు, నిగనిగలాడుతూ ఉంటే అదే ఎరుపుకు సమానం. రోజూ ఒకే వేళకు, కిటికీ వెలుతురులో, ఒకే దూరం నుంచి ఫోటో తీసిపెట్టండి. మాటల్లో చెప్పడం కంటే వరుస ఫోటోలు చూస్తే డాక్టరుకు ఎక్కువ తెలుస్తుంది. వీపును కూడా చూడండి. కాలరు ఎముక పైన కూడా రేడియేషన్ పెడుతున్నట్టయితే ఆ కిరణాలు వెనక నుంచి బయటికి వస్తాయి. భుజం పైన, రెక్క ఎముక దగ్గర అరచేయంత నల్లమచ్చ వస్తే భయపడకండి. ముందు వైపు పూసే క్రీమునే అక్కడా పూయాలి. ఆ భుజం నొప్పిగా ఉందని బామ్ రాయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కర్పూరం, పుదీనా పువ్వు ఉన్న బామ్‌లు ఆ చర్మాన్ని నిజంగానే పొక్కిస్తాయి.

కొన్ని రోజులు ఛాతీ మీద జెల్లీ పలకలాంటిదో తడి గుడ్డలాంటిదో పరిచి పెడుతున్నారా అని అమ్మగారిని అడగండి. దాన్ని బోలస్ అంటారు. మామూలుగా ఈ మెషీన్ల కిరణాల శక్తి చర్మం పైన తక్కువగా, లోపల ఎక్కువగా పడుతుంది. రొమ్ము తీసేశాక చర్మానికి కూడా రేడియేషన్ బాగా పడాలని పైన ఆ పలక వేస్తారు. అలా వేసినవాళ్ళకు చర్మం ఎక్కువ కమలడం సహజం. తప్పు జరిగిందని కాదు, ముందే సిద్ధంగా ఉండాలని చెబుతున్నాం.

ఇప్పుడు మీ ఇంట్లో పోగైన మందుల గురించి.

పసుపు వద్దు. పెద్దమ్మగారిని నొప్పించకుండా చెప్పడానికి కారణాలు ఇవి: పొడి రేణువులు చంక మడతలో ఇసుకలా రాపిడి పెడతాయి. ఎండి పెచ్చు కడితే దాన్ని తీయడానికి మళ్ళీ రుద్దాల్సి వస్తుంది. బజారు పసుపులో ఏ రంగు కలిపారో తెలియదు. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, ఆ పచ్చ రంగు కింద చీము పట్టిందా లేదా అన్నది కనపడదు. మంగళూరులో తల, మెడ కాన్సర్ రోగుల మీద పసుపు, గంధపు తైలం చేర్చిన క్రీముతో ఒక చిన్న పరీక్ష జరిగింది, ఫలితం బాగానే వచ్చింది. అది కంపెనీలో తయారైన మెత్తటి క్రీము, వంటింటి డబ్బాలో పసుపు కాదు.

కొబ్బరినూనెతో మాకు పేచీ లేదు. చర్మం చిట్లని చోట, రాత్రి పూట, పలచగా రాసుకుంటే పొడి తగ్గుతుంది. చంకలో వద్దు, జిడ్డుకు చెమట తోడవుతుంది. చెమ్మ కారే చోట అసలే వద్దు. కలబంద చల్లగా ఉంటుంది, అంతవరకే. రేడియేషన్ చర్మాన్ని కాపాడుతుందా అని చేసిన పరీక్షల్లో మామూలు క్రీము కంటే మేలని రుజువు కాలేదు. పైగా మట్ట కోసినప్పుడు తొక్క కింద నుంచి కారే పసుపు పాలు దురదను పెంచుతాయి, కోసిన మట్ట శుభ్రమైనదీ కాదు. తమ్ముడిని దాన్ని కుండీలో నాటేయమనండి.

షాపులో ఇచ్చిన తెల్ల క్రీము బహుశా సిల్వర్ సల్ఫాడయజిన్. అది చర్మం ఊడి చెమ్మ వచ్చినప్పుడు, సూక్ష్మక్రిములు చేరకుండా వాడేది. ఊడకముందు పూస్తే ఊడకుండా ఆపుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు. సల్ఫా మందులు పడనివాళ్ళు వాడకూడదు. సిట్టింగుకు ముందు ఆ పూతను పూర్తిగా కడిగేయాలి. డబ్బా దాచి ఉంచండి, డాక్టరు చెబితే పనికొస్తుంది. షాపుల్లో తామరకు, దురదకు అంటూ అమ్మే, మూడు నాలుగు మందులు కలిసిన ట్యూబులు మాత్రం ఇంటికి తీసుకురాకండి. వాటిలో ఉండే గట్టి స్టెరాయిడ్ అప్పటికి హాయిగానే ఉంటుంది గానీ పలచబడిన చర్మాన్ని ఇంకా పలచన చేస్తుంది.

మరి పూయవలసింది ఏది? రెండు. మొదటిది వాసన లేని మామూలు మాయిశ్చరైజర్. లేబుల్ మీద వైట్ సాఫ్ట్ పారఫిన్, లిక్విడ్ పారఫిన్, గ్లిజరిన్ లాంటివి ఉండి, పరిమళం, ఆల్కహాల్, మెంథాల్ లేనిది ఏదైనా సరే. ధర ఎక్కువైతే గుణం ఎక్కువేమీ కాదు. రోజుకు రెండు మూడు సార్లు, వేళ్ళు వెంట్రుకలు మొలిచే వైపుకే కదిలిస్తూ పూయాలి. రెండోది మొమెటసోన్ 0.1 శాతం క్రీము. ఇది మధ్యస్థ బలం స్టెరాయిడ్, డాక్టరు చీటీ మీదే తీసుకోవాలి. రొమ్ము రేడియేషన్‌లో మొదటి రోజు నుంచీ రోజుకొకసారి పూస్తే దురద, మంట, కమలడం తగ్గుతాయని గట్టి ఆధారాలు ఉన్నాయి. మీరు 11 దాకా వచ్చేశారు, అయినా చర్మం ఇంకా చిట్లకపోతే రేపు సిట్టింగుకు వెళ్ళినప్పుడు 'మొమెటసోన్ వాడవచ్చా' అని పేరు పెట్టి అడగండి. కొలత ఇలా: ట్యూబు నుంచి చూపుడు వేలి చివరి కణుపు పొడవున తీస్తే అర గ్రాము. అది రెండు అరచేతులంత జాగాకు సరిపోతుంది. ఛాతీ ఒక పక్క, చంక కలిపి అలాంటి కొలతలు రెండు మూడు చాలు. చెమ్మ కారే చోట స్టెరాయిడ్ పూయకూడదు. మాయిశ్చరైజర్‌కు, దానికి మధ్య అరగంట వ్యవధి ఇవ్వండి.

క్రీము రాసుకుని సిట్టింగుకు వెళ్తే కాలిపోతుందని భయపెడతారు. పలచని పూతతో ఆ ప్రమాదం లేదు. చర్మం మీద రేడియేషన్ మోతాదు పెరిగేది మూడు మిల్లీమీటర్లు, ఆపైన మందంగా మెత్తినప్పుడే, అంటే గోడకు సున్నం పూసినట్టు పూసినప్పుడు. అయినా పడుకోబెట్టి సర్దేటప్పుడు చర్మం జారకుండా, గీతలు చెరగకుండా ఉండడానికి సాయంత్రం, రాత్రి పూసుకుని, పొద్దున కడుక్కుని పొడిగా వెళ్ళడమే సుఖం.

ఇకపై రేడియేషన్ మొదలుపెట్టబోయే పాఠకులకు ఒక మాట. మెపిటెల్ ఫిల్మ్ అనే సన్నని సిలికాన్ పొరను మొదటి రోజే అంటించి, సిట్టింగులప్పుడు కూడా అలాగే ఉంచితే చర్మం ఊడడం బాగా తగ్గుతుంది. ఖరీదు ఎక్కువ, అన్ని చోట్లా దొరకదు, అంటించడం తెలిసినవాళ్ళు కావాలి. స్థోమత ఉంటే అడగండి. ఇది ముందు నుంచి వాడేది కాబట్టి మీ అమ్మగారికి ఇప్పుడు దీన్ని సూచించడం లేదు.

చంక గురించి ప్రత్యేకంగా చెప్పాలి, మొదట ఊడేది అదే. మడత, చెమట, రాపిడి మూడూ అక్కడే ఉంటాయి. రోజుకు మూడు నాలుగు సార్లు, పావుగంట చొప్పున, వెల్లకిలా పడుకుని చేతిని పక్కకు దిండు మీద పెట్టి ఫ్యాను గాలి తగలనివ్వండి. రాత్రి పడుకున్నప్పుడూ అదే దిండు. పౌడరు వద్దు, చెమటకాయల పౌడరైనా, చంటిపిల్లల పౌడరైనా చెమటతో ముద్దకట్టి గరుకుగా మారుతుంది. వెంట్రుకలు వాటంతటవే రాలిపోతాయి, బ్లేడు పెట్టకండి. ఆపరేషన్ తర్వాత నేర్పిన భుజం వ్యాయామాలు మానకండి. నొప్పి అని చేతిని శరీరానికి అదిమిపెట్టుకుంటే చంకకు గాలి ఆడదు, భుజమూ బిగుసుకుంటుంది. చర్మం చిట్లితే ఆ నాలుగు రోజులు చెయ్యి ఎత్తే ఎత్తు తగ్గించండి, అంతే.

బట్టలు కూడా మందే. జాకెట్టు చేతులు కలిపే చోట చంక కిందుగా గట్టి కుట్టు ఉంటుంది. చాలామందికి మొదట చిట్లేది సరిగ్గా ఆ గీత మీదే. ఇంట్లో ముందు తెరుచుకునే వదులైన నూలు నైటీ, బయటికి వెళ్తే రెండు సైజులు పెద్ద జాకెట్టు, లోపల పాత మల్లు పంచె ముక్క. గంజి పెట్టకండి. సబ్బు పొడి పోయేలా రెండు సార్లు జాడించండి. పైట పిన్ను ఎడమ భుజం మీదే ఉండేలా చూడండి. సిలికాన్ రొమ్ము ప్యాడు చర్మం పూర్తిగా మానేదాకా పక్కన పెట్టి, అవసరమైతే దూదితో నింపిన మెత్తటి నూలు ప్యాడు వాడండి. మెడలో గొలుసు, నల్లపూసలు కాలరు ఎముక దగ్గర రాస్తూ ఉంటాయి. సిట్టింగు లోపల ఎలాగూ తీయమంటారు. బయట కూడా ఈ ఆరు వారాలు తీసి భద్రపరిస్తే మంచిది. మంగళసూత్రం తీయడానికి మనసొప్పకపోతే గొలుసుకు బదులు మెత్తటి నూలు దారానికి గుచ్చి, పుస్తెలు ఎడమ వైపు ఉండేలా లోపలి బట్టకు కట్టేసుకోవచ్చు. కొత్త పసుపుతాడు గరుకుగా ఉంటుంది, వద్దు.

ఇంత చేసినా చంకలో పొర లేచి, కింద గులాబీ రంగు కనిపించి, చెమ్మ కారవచ్చు. 15 సిట్టింగుల్లో చాలామందికి ఇది రూపాయి బిళ్ళంత చోటుకే పరిమితమవుతుంది. అలా అయిన రోజు మాయిశ్చరైజర్, స్టెరాయిడ్ రెండూ ఆ చోట ఆపేసి ఆసుపత్రికి చెప్పండి. ఈలోగా మందుల షాపులో నార్మల్ సెలైన్ సీసా తెచ్చుకోండి, నరానికి ఎక్కించేదే. చేతులు కడుక్కుని, శుభ్రమైన గాజుగుడ్డను అందులో తడిపి, పిండకుండా చంకలో పది, పదిహేను నిమిషాలు ఉంచాలి. రోజుకు మూడు సార్లు. తీశాక గాలికి ఆరనిచ్చి, పైన పారఫిన్ పూసిన వల గాజుగుడ్డ గానీ, అంటుకోని సిలికాన్ డ్రెస్సింగు గానీ వేసి, దాని మీద మామూలు గాజుగుడ్డ. ప్లాస్టరు అంటించకండి, అది వచ్చేటప్పుడు చుట్టూ ఉన్న బాగున్న చర్మాన్నీ లాక్కొస్తుంది. వదులు బనియను తొడిగితే డ్రెస్సింగు దానంతటదే నిలుస్తుంది. గాజుగుడ్డ అంటుకుపోతే లాగొద్దు, సెలైన్ పోసి ఐదు నిమిషాలు ఆగితే ఊడి వస్తుంది. తెరిచిన సెలైన్ సీసాను మర్నాటికి ఉంచకండి, 100 మిల్లీలీటర్ల చిన్న సీసాలు కొంటే వృథా కాదు. కొన్ని చోట్ల ఊదా రంగు జెన్షియన్ వయొలెట్ పూస్తారు. అది ఆరబెడుతుంది గానీ చర్మం బిగుసుకుని పగులుతుంది, కింద ఏమవుతోందో కనపడదు. చెమ్మను పూర్తిగా ఎండగట్టడం కంటే శుభ్రమైన తేమలో ఉంచితేనే కొత్త చర్మం త్వరగా పాకుతుంది.

మంటకు డోలో లాంటి పారాసిటమాల్ వేసుకోవచ్చు, వేసుకునే ముందు జ్వరం చూడండి, ఎందుకంటే మాత్ర జ్వరాన్ని దాచేస్తుంది. 100.4 డిగ్రీలు దాటినా, చీము, దుర్వాసన, పచ్చని చెమ్మ కనిపించినా, నల్లటి పుండు పడినా, ఆగకుండా రక్తం కారినా, కుడి చెయ్యి ఒక్కసారిగా ఎర్రగా వాచి వేడెక్కినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. గ్రంథులు తీసిన చేతికి క్రిములు తొందరగా పాకుతాయి. గీతలు దాటి, ఎడమ వైపు, పొట్ట మీద కూడా దద్దుర్లు వస్తే అది రేడియేషన్ వల్ల కాకపోవచ్చు, ఏదో క్రీమో మందో పడకపోయి ఉండవచ్చు.

తిండి విషయంలో ఒక్కటే. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు తింటే వేడి చేస్తుంది అని పథ్యం పెట్టకండి. ఊడిన చర్మం తిరిగి రావడానికి మాంసకృత్తులే ముడిసరుకు. పప్పు, గుడ్లు, పెరుగు, చేపలు ఏవి సయిస్తే అవి రెండు పూటలా పెట్టండి. మెషీన్ కరెంటు ఒంట్లో నిలిచి ఉండదు, మనవల్ని పక్కన పడుకోబెట్టుకోవచ్చు.

మానిన తర్వాత ఆ చోట నలుపు నెలల తరబడి నెమ్మదిగా తగ్గుతుంది, కొంత మిగిలిపోవచ్చు కూడా. తెల్లబరిచే క్రీములు వాడకండి. ఎండలో ఎప్పుడూ కప్పుకోవాలి. జాకెట్టు మెడ లోతుగా ఉండి కాలరు ఎముక బయటికి కనిపిస్తే, చర్మం పూర్తిగా మానాక అక్కడ 30 లేదా అంతకు మించిన ఎస్‌పీఎఫ్ సన్‌స్క్రీన్ రాయాలి.

ఇక కేపసిటాబిన్. అరచేతులు 'ఊడిపోతాయి' అన్నది అతిశయోక్తి గానీ పూర్తిగా అబద్ధం కాదు. సాధారణంగా 14 రోజులు వేసుకుని 7 రోజులు ఆపుతారు. మొదటి రెండు మూడు విడతల్లోనే అరచేతుల్లో, అరికాళ్ళలో తిమ్మిరి, జలదరింపు, తర్వాత నలుపు, బిగువు, నొప్పి, పొట్టు మొదలవ్వవచ్చు. ఒత్తిడి, వేడి పడే చోట ఎక్కువగా వస్తుంది. కాబట్టి మాత్రలు మొదలైన రోజు నుంచే వేడి గిన్నెలు, చపాతీ కర్ర, రోలు, తడి బట్టలు పిండడం, గట్టిగా పట్టుకునే కత్తిపీట పనులు ఇంకొకరికి అప్పగించండి. అంట్లకు వేడి నీళ్ళు, పొడి సబ్బు వద్దు. గుడిలో వేడి బండల మీద వట్టి కాళ్ళ ప్రదక్షిణ, భజనలో చాలాసేపు చప్పట్లు కూడా లెక్కలోకే వస్తాయి. ఇంట్లో సైతం మెత్తటి చెప్పులు. గోరింటాకు ఈ నెలల్లో వద్దు, ఆ ఎరుపులో అసలు ఎరుపు కనపడదు. కోన్‌లలో కలిపే రసాయనాలు బొబ్బలు కూడా తెప్పిస్తాయి.

యూరియా 10 శాతం క్రీమును చేతులకు, కాళ్ళకు రోజుకు రెండు సార్లు, చేతులు కడిగిన ప్రతిసారీ మరో కొంచెం. ఇది ఛాతీ మీది రేడియేషన్ చర్మానికి కాదు, మంటపెడుతుంది. ఇంకొకటి డైక్లోఫినాక్ 1 శాతం జెల్. ఢిల్లీ ఎయిమ్స్‌లో 264 మంది మీద జరిగి 2024లో వెలువడిన పరీక్షలో, ఈ జెల్ రోజుకు రెండు సార్లు చేతులకు రాసినవాళ్ళలో చెప్పుకోదగ్గ బాధ 3.8 శాతం మందికే వచ్చింది, మందు లేని ఉత్త జెల్ రాసినవాళ్ళలో 15 శాతం మందికి. చవకైన మందు, మన దేశంలోనే తేలిన సంగతి, అందుకే డాక్టరును తప్పకుండా అడగమంటున్నాం. కొనేటప్పుడు లేబుల్ చదవండి. మన షాపుల్లో నడుం నొప్పికి అమ్మే డైక్లోఫినాక్ జెల్‌లలో చాలావాటిలో మెంథాల్, మిథైల్ సాలిసిలేట్, కొన్నిటిలో మిరప ఘాటు కూడా కలిసి ఉంటాయి. అవి వద్దు, ఒక్క డైక్లోఫినాక్ మాత్రమే ఉన్నది కావాలి.

నొప్పి వల్ల జాకెట్టు గుండీ పెట్టుకోలేకపోయినా, చెప్పులు వేసుకోలేకపోయినా, బొబ్బ లేచినా మాత్ర ఆపి అదే రోజు ఫోన్ చేయాలి. కొన్నాళ్ళు ఆపి, మోతాదు తగ్గించి మళ్ళీ మొదలుపెడతారు. కోర్సు ఎలాగైనా పూర్తి చేయాలని పంటి బిగువున మింగితే పుండ్లు పడి, చివరికి ఇంకా ఎక్కువ రోజులు ఆపాల్సి వస్తుంది. బలానికి అంటూ షాపులో ఇచ్చే మల్టీవిటమిన్లలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. అది కేపసిటాబిన్ దుష్ఫలితాలను పెంచగలదు, చూపించకుండా వేయకండి. కీమో వల్ల నల్లబడిన గోళ్ళకు మాత్రం మందు అక్కర్లేదు. పొట్టిగా కత్తిరించి ఉంచితే చేతి గోళ్ళు ఆరు నెలల్లో కొత్తవి వచ్చేస్తాయి.

రేడియేషన్ చర్మం మానిందో లేదో చూసుకునే మాత్రలు మొదలుపెడతారు, కాబట్టి ఆ రోజు చేతులే కాదు, చంకను కూడా చూపించండి. మాత్రలు మొదలయ్యాక పాత రేడియేషన్ చోటే మళ్ళీ ఎర్రబడి మండితే, అరుదే అయినా అలా జరుగుతుంది, డాక్టరుకు చెప్పండి.

చివరగా, కేపసిటాబిన్ వాడేవాళ్ళలో కొందరికి పొట్టు రాలీ రాలీ వేలిముద్రలు చెరిగిపోతాయి. బొటనవేలు పెడితే రేషన్ షాపు మెషీన్ గానీ బ్యాంకు మెషీన్ గానీ తీసుకోదు. మాత్రలు మొదలుకాకముందే అమ్మగారి ఆధార్‌కు ఫోన్ నంబరు జతచేసి ఉందో లేదో, కంటిపాప వివరాలు నమోదయ్యాయో లేదో ఆధార్ కేంద్రంలో చూసుకోండి. ఓటీపీ, కంటిపాప రెండూ పనిచేస్తుంటే వేలిముద్ర పడకపోయినా పని ఆగదు. మందు ఆపాక చాలామందికి ముద్రలు కొన్ని వారాల్లో తిరిగి వస్తాయి.